బ్యాలెన్స్‌డ్ ఫండ్లలో ఏది తీసుకోవాలి? ముందు అందులో షేర్లు ఎంతో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఒడిశా రాయగడలో బట్టల దుకాణం, వయసు 42, పీఎఫ్ లేదు, అప్పులూ లేవు. 8 లక్షల ఎఫ్‌డీ గడువు తీరింది. నెలకు మరో 12 వేలు పక్కన పెట్టగలరు. పాప ఆరో తరగతి. ప్లస్ టూ అయ్యేనాటికి చదువుకి డబ్బు కావాలి, మిగిలింది అరవై దాటాక మీకు. బ్యాంకులో నెలనెలా డివిడెండ్ వచ్చే అగ్రెసివ్ హైబ్రిడ్ ఫండ్ తీసుకోమన్నారు. తెలిసిన ఏజెంటేమో బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ తీసుకోండి, ఎఫ్‌డీ లాంటిదే, కాస్త ఎక్కువొస్తుంది అన్నాడు. రెండిట్లో ఏది, లేకపోతే నాలుగైదు కలిపి తీసుకోవాలా అని మీ ప్రశ్న.

ఎఫ్‌డీ లాంటిది మాత్రం కాదండీ. ఎఫ్‌డీలో అసలు తగ్గదు, ఒక బ్యాంకులో 5 లక్షల వరకు డిపాజిట్ బీమా కూడా ఉంటుంది. షేర్లూ బాండ్లూ కలిపి ఉంచే హైబ్రిడ్, బ్యాలెన్స్‌డ్ పేరున్న ఏ ఫండులోనైనా అసలు తగ్గొచ్చు. ఎంత తగ్గుతుందన్నది పేరుని బట్టి ఉండదు, లోపల షేర్లు ఎంత ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఫండ్ పేర్ల జోలికి పోకముందు మీ మొత్తం డబ్బులో షేర్ల వాటా ఎంత ఉండాలో తేల్చుకోండి. ఆ అంకె తేలితే సగం ఫండ్లు వాటంతటవే పక్కకు పోతాయి.

2017 అక్టోబరులో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ హైబ్రిడ్ ఫండ్లకు గీతలు గీసింది. కన్జర్వేటివ్ హైబ్రిడ్‌లో షేర్లు 10 నుంచి 25 శాతం. బ్యాలెన్స్‌డ్ హైబ్రిడ్‌లో 40 నుంచి 60, అందులో ఆర్బిట్రేజ్ (ధరల తేడా మీద సంపాదించడం, కింద వివరిస్తాను) చెయ్యకూడదు. అగ్రెసివ్ హైబ్రిడ్‌లో 65 నుంచి 80. మల్టీ అసెట్‌లో కనీసం మూడు రకాల ఆస్తులు, ఒక్కోటి 10 శాతానికి తగ్గకుండా. ఈక్విటీ సేవింగ్స్‌లో ఈక్విటీ 65 శాతం దాటాలి, కానీ అందులో హెడ్జ్ చేసిన, అంటే ధర పడినా నష్టం రాకుండా కాపు పెట్టిన భాగం కూడా కలిసి ఉంటుంది. ఇక మీ ఏజెంటు చెప్పిన బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్‌కి, అంటే డైనమిక్ అసెట్ అలొకేషన్‌కి, గీతే లేదు. సున్నా నుంచి నూరు దాకా మేనేజర్ ఇష్టం. అందుకే ఈ ఒక్క రకంలో రెండు ఫండ్లను పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ రాబడి ఇచ్చిందని చూస్తే ఏమీ తేలదు. ఒకటి 75 శాతం షేర్లతో, ఇంకొకటి 40 శాతంతో నడుస్తూ ఉండొచ్చు. షేర్లు పెరిగిన ఏడాది మొదటిది ముందుంటుంది, అందులో మేనేజర్ తెలివి ఎంతుందో ఎవరూ చెప్పలేరు.

ఈ రకంలో పద్ధతులు కూడా ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. ఐసీఐసీఐ ప్రుడెన్షియల్ వారిది ధరల్ని చూసే పద్ధతి: కంపెనీల పుస్తక విలువతో పోలిస్తే మార్కెట్ ఖరీదైనప్పుడు షేర్లు తగ్గిస్తుంది, చవకైనప్పుడు పెంచుతుంది. ఎడెల్వైస్ వారిది గాలివాటం చూసే పద్ధతి: మార్కెట్ పెరుగుతుంటే పెంచుతుంది, పడుతుంటే తగ్గిస్తుంది. హెచ్‌డీఎఫ్‌సీ వారిది పాత ప్రుడెన్స్ ఫండ్ 2018లో కలిసిపోయిన పథకం. సూత్రం కంటే మేనేజర్ నిర్ణయం మీద ఎక్కువగా నడుస్తుంది, షేర్లు కూడా ఈ రకంలో మిగతావాటికంటే ఎక్కువే ఉంచుతూ వచ్చింది. వీటిని కొనమనో వద్దనో చెప్పడం లేదు. పైన రాసిన పేరు ఒకటే అయినా సరుకు వేరని చూపించడానికే.

ఇప్పుడు అసలు పని. ఫండ్ సంస్థ వెబ్‌సైటులో ప్రతి నెలా పోర్ట్‌ఫోలియో పెడతారు, ఎక్సెల్ షీటులో. దాన్ని తెరిచి రెండు చోట్ల చూడండి. మొదట ఈక్విటీ మొత్తం: ఉదాహరణకు 68 శాతం అని ఉందనుకోండి. ఇంకొంచెం కిందికి వస్తే డెరివేటివ్స్ అనే భాగం ఉంటుంది, అక్కడ అవే కంపెనీల పేర్లు మళ్ళీ కనిపిస్తాయి, పక్కన స్టాక్ ఫ్యూచర్స్ అని, శాతం ముందు మైనస్ గుర్తుతో. అవన్నీ కూడితే మైనస్ 23 వచ్చిందనుకోండి. 68లోంచి 23 తీసేస్తే 45. నిజంగా మార్కెట్‌తో పాటు లేచి పడేది ఆ 45 శాతమే. దీన్నే నెట్ ఈక్విటీ అంటారు, చాలా సంస్థలు ఫ్యాక్ట్‌షీటులో, అంటే నెలనెలా ఇచ్చే సమాచార పత్రంలో, విడిగా వేస్తాయి కూడా. మిగతా 23 శాతం ఏమిటంటే, షేరు కొని అదే షేరు ఫ్యూచర్ (ముందు తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసుకునే ఒప్పందం) అమ్మడం. ఆర్బిట్రేజ్ అంటే ఇదే. ధర పెరిగితే ఒకవైపు వచ్చింది రెండోవైపు పోతుంది, తగ్గినా అంతే. రెండు ధరల మధ్య తేడా మిగులుతుంది, అది దాదాపు స్వల్పకాలిక వడ్డీ అంత. పన్ను లెక్కలో అది ఈక్విటీ, నడతలో డిపాజిట్. 65 శాతం దాటించి ఈక్విటీ పన్ను దక్కించుకోవడానికే ఈ ఏర్పాటు.

ఒక్క నెల చూసి వదిలెయ్యకండి. గత మూడు నాలుగేళ్లలో నెట్ ఈక్విటీ కనిష్ఠం, గరిష్ఠం రాసుకోండి. 2020 మార్చి అంకె దొరికితే మరీ మంచిది, ఆ పతనంలో ఫండ్ షేర్లు కొన్నదో అమ్మిందో తెలుస్తుంది. అడుగున అమ్మేసి ఆ తర్వాత పెరుగుదలకు బయట నిలబడిన ఫండ్ అయితే, దాని సూత్రం ఎంత అందంగా రాసి ఉన్నా అది మీకు పనికొచ్చేది కాదని నా అభిప్రాయం.

ఇక పడితే ఎంత పడుతుందో ఇంట్లో కాలుక్యులేటరుతో తేలిపోతుంది. 2020 జనవరి శిఖరం నుంచి మార్చి 23 దాకా నిఫ్టీ దాదాపు 38 శాతం పడింది. లెక్క తేలిక కోసం 40 అనుకుందాం, బాండ్లలో నష్టం లేదనుకుందాం. మీ 8 లక్షలూ 70 శాతం షేర్లున్న అగ్రెసివ్ హైబ్రిడ్‌లో ఉంటే 28 శాతం, అంటే 2 లక్షల 24 వేలు తగ్గుతుంది. నెట్ ఈక్విటీ 45 ఉన్న ఫండులో 18 శాతం, 1 లక్షా 44 వేలు. 30 ఉన్న ఈక్విటీ సేవింగ్స్‌లో 12 శాతం, 96 వేలు. మిడ్‌క్యాప్, స్మాల్‌క్యాప్ (మధ్యతరహా, చిన్న కంపెనీల) షేర్లు ఎక్కువున్న ఫండులో ఇంకాస్త ఎక్కువ పడొచ్చు, అందుకని వాటి వాటా పావు దాటితే నేను దాన్ని బ్యాలెన్స్‌డ్ కింద లెక్కపెట్టను. 28 శాతం పడ్డది మళ్ళీ మొదటికి రావాలంటే 39 శాతం పెరగాలి, అది కూడా గుర్తుంచుకోండి. ఈ రూపాయల అంకెల్ని ఇంట్లో ఆవిడకు కూడా చూపించండి. శాతాలు చూసి అందరూ సరేనంటారు. 2 లక్షల 24 వేలు అన్నాక అసలు మాట బయటికొస్తుంది.

పాత రాబడి చూడడంలో అందరూ పడే గొయ్యి ఒకటుంది. 2020 మార్చి నుంచి 2025 మార్చి వరకు ఐదేళ్ల రాబడి చూస్తే ప్రతి ఫండూ బంగారు గుడ్డు పెట్టినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే లెక్క మొదలైంది మార్కెట్ అడుగున. ఒక తేదీ నుంచి ఒక తేదీకి చూసే లెక్క వద్దు, రోలింగ్ రిటర్న్స్ చూడండి. పదేళ్ల సమాచారంలో ప్రతి రోజూ కొనుంటే ఐదేళ్ల తర్వాత ఎంత వచ్చేదో ఆ లెక్క చూపిస్తుంది. అందులో సగటు కన్నా కనిష్ఠాన్నీ, ఎఫ్‌డీ కన్నా తక్కువొచ్చిన సందర్భాలు నూటికి ఎన్నో అన్నదాన్నీ పట్టించుకోండి. ఫండ్ సూచీని దాటిందా అని చూసేటప్పుడు అగ్రెసివ్ హైబ్రిడ్‌ని షేర్లు 65, బాండ్లు 35 పాళ్లలో ఉన్న సూచీతో, బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్‌ని 50:50 సూచీతో పోల్చాలి. ఉత్త నిఫ్టీతో కాదు. 2018 ముందు చరిత్రని నమ్మొద్దు. అప్పట్లో గీతలు లేవు, చాలా పథకాలు ఆ ఏడాదే పేరూ స్వభావమూ మార్చుకున్నాయి.

బాండ్ల భాగం ఎవరూ చూడరు, అక్కడే దెబ్బ తగిలేది. 2018 సెప్టెంబరులో మౌలిక వసతుల ఫైనాన్స్ సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్, తర్వాతి ఏడాది గృహరుణ సంస్థ డీహెచ్ఎఫ్ఎల్ చెల్లింపులు ఎగ్గొట్టాయి. 2020 మార్చిలో యెస్ బ్యాంక్ ఏటీ-1 బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చెయ్యగలిగే రకం) 8 వేల కోట్లకు పైగా సున్నా అయ్యాయి. ఇలాంటి కాగితాలు డెట్ ఫండ్లలోనే కాదు, కొన్ని హైబ్రిడ్ ఫండ్లలో కూడా ఉన్నాయి. రేటింగుల పట్టికలో ప్రభుత్వ బాండ్లు, అన్నిటికన్నా మంచి రేటింగైన ఏఏఏ ఉన్నవి, నగదు కలిపి బాండ్ల భాగంలో 85 శాతమైనా ఉండాలి. దగ్గరి తోటి ఫండ్ల కన్నా వైటీఎం (బాండ్లు గడువుదాకా ఉంచితే ఏటా వచ్చే రాబడి) ఒక శాతం ఎక్కువ కనబడితే సంతోషించకండి, ఎక్కడో నాసి కాగితం ఉన్నట్టే. మోడిఫైడ్ డ్యురేషన్ అని ఇంకో అంకె ఉంటుంది: అది 5 అయితే వడ్డీ రేట్లు ఒక శాతం పెరిగినప్పుడు బాండ్ల విలువ సుమారు 5 శాతం తగ్గుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు ఆర్‌బీఐ బ్యాంకులకిచ్చే అప్పు మీద తీసుకునే రెపో రేటు 4 నుంచి 6.5కి వెళ్ళిందని గుర్తుందిగా. అయితే ఫండులో బాండ్లు పావు వంతే ఉంటే ఆ 5 శాతం ఒకటింబావుకి దిగిపోతుంది, కాబట్టి దీని గురించి మరీ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. రేటింగు విషయంలో మాత్రం రాజీ వద్దు.

ఖర్చు సంగతి. డైరెక్ట్ ప్లాన్, రెగ్యులర్ ప్లాన్ రెండూ ఒకే ఫండ్. రెగ్యులర్‌లో ఏజెంటు కమిషన్ ఏటా మీ డబ్బులోంచే పోతుంది. నెలకు 10 వేల చొప్పున పదేళ్లు కడితే 11 శాతం మీద సుమారు 21 లక్షల 90 వేలు, 10 శాతం మీద 20 లక్షల 66 వేలు. ఆ ఒక్క శాతం విలువ లక్షా పాతిక వేలన్నమాట. ఏజెంటు పడిపోయిన రోజుల్లో మీ చెయ్యి పట్టుకుని ఆపగలిగేవాడైతే ఆ కమిషన్ దండగ కాదు. హైబ్రిడ్ ఫండ్‌ని ఎఫ్‌డీతో పోల్చి అమ్మేవాడు ఆ కోవలోకి రాడని నేననుకుంటాను.

బ్యాంకు చెప్పిన నెలనెలా డివిడెండ్ మాటకొద్దాం. 2021 ఏప్రిల్ నుంచి దీని పేరు ఐడీసీడబ్ల్యూ, ఆదాయమూ మూలధనమూ పంచి వెనక్కివ్వడం అని. పేరులోనే గుట్టు విప్పేశారు. ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ, 50 రూపాయలుండి 40 పైసలు పంచితే ఎన్ఏవీ 49.60 అవుతుంది, మీ జేబులోది మీ చేతికే ఇచ్చినట్టు. పైగా 2020 ఏప్రిల్ నుంచి ఆ 40 పైసలూ మీ ఆదాయంలో కలిసి, మీ స్లాబులో పన్ను పడుతుంది. ఇంత ఇస్తామన్న హామీ కూడా ఎక్కడా ఉండదు. దుకాణం ఆదాయం వస్తుండగా మీకు ఇది ఎందుకు? లాభం పంచకుండా ఫండులోనే ఉంచే గ్రోత్ తీసుకోండి. అరవై దాటాక నెలనెలా కావాలంటే ఎస్‌డబ్ల్యూపీ (ఫండులోంచి నెలకింతని తీసుకునే ఏర్పాటు) పెట్టుకోవచ్చు, అప్పుడు తీసిన మొత్తంలో లాభం భాగానికే పన్ను.

పన్ను మూడు మెట్లుగా ఉంది. దేశీయ షేర్లు 65 శాతం లేదా పైన ఉన్న ఫండ్ ఏడాది దాటాక అమ్మితే ఏడాదికి లక్షా పాతిక వేల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం, ఏడాదిలోపు 20 శాతం. ఇవి 2024 జులై 23 నుంచి ఉన్న రేట్లు. బాండ్లు 65 శాతం దాటినవాటికి ఎన్నేళ్లు ఉంచినా మీ స్లాబే. రెండింటికీ మధ్య ఉన్నవి, బ్యాలెన్స్‌డ్ హైబ్రిడ్, కొన్ని మల్టీ అసెట్ ఫండ్లు, రెండేళ్లు దాటితే 12.5, లోపయితే స్లాబు. వాటికి ఆ లక్షా పాతిక మినహాయింపు లేదు. కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదు కదా అనుకుంటారు చాలామంది, ఆ రిబేటు 12.5, 20 శాతం రేట్లు పడే లాభాలకు వర్తించదు. హైబ్రిడ్ ఫండ్ అసలు సౌకర్యం ఇంకొకటి: లోపల షేర్లు అమ్మి బాండ్లు కొన్నా, బాండ్లు అమ్మి షేర్లు కొన్నా మీకు పన్ను పడదు. అదే పని మీరు రెండు విడి ఫండ్లతో చేస్తే ప్రతిసారీ పడుతుంది.

మల్టీ అసెట్ గురించి ఒక్క ముక్క: అందులో బంగారం ఉంటుంది. మన ఇళ్లలో బంగారం ఎలాగూ ఉంది కదా అంటారు. పాప పెళ్ళికని దాచిన నగ అమ్మరు, అమ్మినా తరుగు పోతుంది, కాబట్టి దాన్ని పెట్టుబడిలో లెక్కెయ్యకండి. అయినా మీకు ఇప్పుడు మూడో ఫండ్ అవసరం లేదు.

ఇప్పుడు మీ లెక్క. ఇంటికీ దుకాణానికీ కలిపి నెల ఖర్చు 40 వేలనుకుంటే ఆరు నెలలది 2 లక్షల 40 వేలు బ్యాంకులోనే ఉంచండి, 80 వేల చొప్పున మూడు ఎఫ్‌డీలుగా. ఒకటి విరిచినా మిగతా రెండూ చెక్కుచెదరవు. దసరా సరుకుకి పెట్టే డబ్బు దీంట్లోంచి గానీ ఫండులోంచి గానీ తియ్యకూడదు, దానికి వేరే ఖాతా ఉండాలి. దుకాణదారుల పెట్టుబడి ఎక్కువగా చెడేది అక్కడే: ఆశ్వయుజం ముందు ఫండ్ అమ్మడం, అప్పుడు మార్కెట్ ఎలా ఉన్నా సరే.

మిగిలిన 5 లక్షల 60 వేలు పాప చదువుకి. చేతిలో ఉన్నది ఆరేడేళ్లు. ఇక్కడ అగ్రెసివ్ హైబ్రిడ్ నేను పెట్టను. నెట్ ఈక్విటీ 40 నుంచి 55 మధ్య నిలకడగా ఉంచుతున్న బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ ఒకటి చాలు. ఒకేసారి వెయ్యడానికి భయమైతే అదే సంస్థ లిక్విడ్ ఫండులో (అతి తక్కువ గడువు కాగితాల్లో పెట్టే ఫండ్) వేసి నెలకు లక్షా 40 వేల చొప్పున నాలుగు నెలల్లో ఎస్‌టీపీ, అంటే ఒక ఫండులోంచి ఇంకోదానికి వాయిదాల్లో మార్చే ఏర్పాటు, పెట్టండి. ఏడాది సాగదీయక్కర్లేదు, మిగతా సగం పడకుండా ఉండే ఫండే కదా. ప్రతి వాయిదాకీ ఎగ్జిట్ లోడ్ (ముందే అమ్మితే పడే కోత) గడువు, పన్ను గడువు విడివిడిగా మొదలవుతాయని మాత్రం మరవకండి. పాప తొమ్మిది పాసయిన ఏడాది నుంచి ప్రతి ఏప్రిల్లో మూడో వంతు తీసి ఎఫ్‌డీలోకి మార్చండి. అలా చేస్తే లక్షా పాతిక మినహాయింపు మూడు ఆర్థిక సంవత్సరాల్లో మూడుసార్లు వాడుకున్నట్టవుతుంది, ఆఖరి ఏడాది మార్కెట్ పడినా ఫీజుకి ఢోకా ఉండదు. సుకన్య ఖాతా ముందే తెరిచి ఉంటే కొనసాగించండి. పదేళ్లు దాటిన పిల్లకు కొత్తగా తెరవరు.

నెలకు 12 వేలలో 9 వేలు అగ్రెసివ్ హైబ్రిడ్ సిప్, 3 వేలు పీపీఎఫ్. తొమ్మిది వేలలో 70 శాతం షేర్లంటే 6,300. పన్నెండు వేలలో అది సగానికి కొంచెం పైన. పద్దెనిమిదేళ్లుంది కాబట్టి పీపీఎఫ్ మానేసి మొత్తం సిప్ చేస్తానన్నా తప్పు పట్టను. కానీ వ్యాపారంలో ఉన్నవాళ్లకు పీపీఎఫ్ ఒక రక్షణ: రేపు అప్పు తగాదా వచ్చి డిక్రీ అయినా కోర్టు ఆ సొమ్ము జప్తు చెయ్యలేదు. ఫండుకి ఆ రక్షణ లేదు. సిప్ తేదీ అమ్మకాల డబ్బు ఖాతాలో పడే వారంలో పెట్టుకోండి. ఖాతాలో లేక వాయిదా తిరిగిపోతే బ్యాంకు ఛార్జీ వేస్తుంది, వరుసగా మూడు తప్పితే సిప్ ఆగిపోతుంది.

అంతే, రెండు ఫండ్లు. ఒకే రకంలో నాలుగు కొంటే నాలుగింట్లోనూ పైవరుసలో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, ఐసీఐసీఐ బ్యాంక్, రిలయన్సే కనిపిస్తాయి. ఏడాదికోసారి నెట్ ఈక్విటీ, బాండ్ల రేటింగు, టీఈఆర్ (ఫండ్ ఏటా తీసుకునే ఖర్చు శాతం), మేనేజర్ మారాడా అన్నవి చూస్తే చాలు. ఏడాది రాబడి తగ్గిందని మార్చకండి. నెట్ ఈక్విటీ 45 నుంచి 75కి జరిగితే మాత్రం మార్చండి, అప్పుడది మీరు కొన్న ఫండ్ కాదు.

మన సరిహద్దు జిల్లాల్లో ఎక్కువగా చిక్కు వచ్చేది కాగితాల దగ్గర. పాన్‌లో ఇంటిపేరు ముందు, ఒడిశా ఆధార్‌లో వెనక, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరం ఉంటే కేవైసీ ఆగుతుంది. ముందు ఆధార్, పాన్ ఒకేలా చేయించి రెండూ లింకయ్యాయో చూసి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి. కేవైసీ స్థితి వాలిడేటెడ్ అని ఉండాలి, ఉత్త రిజిస్టర్డ్ అని ఉంటే కొత్త సంస్థలో మళ్ళీ చేయమంటారు. పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా ఇచ్చిన ఫోలియో (ఫండ్ ఖాతా) ఏదైనా ఉంటే ఇప్పుడే చూసుకోండి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్లో యూనియన్ బ్యాంకులో కలిసింది, ఐఎఫ్ఎస్‌సీ మారింది. ఉత్కళ్ గ్రామీణ బ్యాంకు వాళ్ళది కూడా 2025 మేలో ఒడిశా గ్రామీణ బ్యాంకు అయింది. అమ్మిన డబ్బు మామూలుగా రెండు పనిదినాల్లో పడాలి, పాత కోడ్ ఉంటే తిరిగి వెళ్తుంది. ఆన్‌లైన్లో సరికాకపోతే విశాఖ వెళ్ళినప్పుడు ఫండ్ల ఖాతాలు చూసే రిజిస్ట్రార్లు క్యామ్స్ గానీ కేఫిన్‌టెక్ గానీ, మీ ఫండ్ ఎవరి దగ్గరుంటే అక్కడ, పేరు ముద్రించిన క్యాన్సిల్డ్ చెక్కూ పాన్ నకలూ ఇస్తే మారుస్తారు. నామినీగా ఆవిడ పేరు కూడా ఆ కాగితంతోనే ఇచ్చెయ్యండి.